ఆన్‌లైన్ క్లాసులో మ్యూట్‌లో ఉంటే సరిపోతుందా?

ప్రశ్న: డిగ్రీ రెండో ఏడాది చదువుతున్నాను. పోయిన సెమిస్టర్‌లో ఒక సబ్జెక్టు మొత్తం లైవ్ ఆన్‌లైన్ క్లాసుల్లోనే జరిగింది. ఒక్క క్లాసూ మానలేదు. మైక్ ఎప్పుడూ మ్యూట్‌లోనే పెట్టాను, ఎవరినీ డిస్టర్బ్ చేయలేదు. ఇప్పుడు ఇంటర్న్‌షిప్‌కు రికమెండేషన్ లెటర్ అడిగితే మేడమ్ ‘మీ గురించి నాకేమీ తెలియదు, ఏమని రాయను?’ అన్నారు. నా పొరపాటు ఏమిటి?

జవాబు: మేడమ్ మిమ్మల్ని తప్పుపట్టలేదు, ఉన్న మాట చెప్పారు. హాజరు పట్టీలో మీరున్నారు, ఆమె జ్ఞాపకంలో లేరు. ఎవరికీ అడ్డు రాకపోవడం మర్యాదలో సగమే. మీరు వింటున్నారని చెప్పేవారికి తెలియడం మిగతా సగం. తరగతి గదిలో దానికోసం ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు. అర్థం కాకపోతే ముఖం చెప్పేస్తుంది, టీచర్ అది చూసి మరోసారి వివరిస్తారు. తెర మీద వరసగా నల్ల గడులే కనిపిస్తుంటే ఆమె ఎవరి ముఖం చూసి పాఠం వేగం తగ్గించుకోవాలి?

అలాగని గంటసేపూ కెమెరా ముందు కూర్చోమని అనను. అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థుల మీద చేసిన ఒక సర్వే 2021లో వచ్చింది. కెమెరా ఎందుకు ఆపేస్తున్నారని అడిగితే అందరికంటే ఎక్కువమంది చెప్పింది తాము ఎలా కనిపిస్తామోనన్న బెరుకు. వెనకాల ఇంట్లోవాళ్లు, గది కనిపిస్తాయన్న ఇబ్బంది, నెట్ సరిగా లేకపోవడం కూడా చాలామంది చెప్పారు. కెమెరా వాడమని ప్రోత్సహించండి, బలవంతం చేయకండి అన్నది ఆ పరిశోధకుల సలహా. నాకూ అదే సబబనిపిస్తుంది. మీ కాలేజీలో కెమెరా తప్పనిసరి అయితే మాత్రం ఆ నిబంధన పాటించండి, కుదరని రోజు ముందే ఒక ముక్క మెసేజ్ పెట్టండి. తప్పనిసరి కాకపోతే, మాట్లాడేటప్పుడైనా ఆన్ చేయండి. ఆ నిమిషం చాలు, పేరుకు ఒక ముఖం తోడవుతుంది. మన ముఖం మనకే కనపడుతుంటే చిరాగ్గా ఉంటుంది కాబట్టి జూమ్‌లో ‘హైడ్ సెల్ఫ్ వ్యూ’ నొక్కండి. మీకు మీరు కనిపించరు, మిగతావాళ్లకు కనిపిస్తారు. నెట్ బలహీనంగా ఉంటే ముందు వీడియో ఆపండి, మైక్ కాదు. మాటకు సెకనుకు వంద కిలోబిట్లు కూడా అక్కర్లేదు, వీడియోకు దానికి ఎన్నో రెట్లు కావాలి.

పేరు కూడా చూసుకోండి. ఇంట్లోవాళ్ల ఫోన్‌తో చేరితే వాళ్ల పేరో, ఫోన్ మోడల్ పేరో తెర మీద పడుతుంది. సెమిస్టర్ అంతా అలా ఫోన్ మోడల్ పేరుతోనే గడిపేసినవాళ్లు ఉన్నారు! రిజిస్టర్‌లో ఉన్న పేరే అక్కడా ఉండాలి.

మైక్ మ్యూట్‌లో ఉంచే అలవాటు మానకండి, అది మంచిదే. స్పీకర్ నుంచి వచ్చిన మాట మీ మైక్‌లోకి మళ్లీ వెళితే వచ్చే ప్రతిధ్వని మీకు వినపడదు, మాట్లాడుతున్నవాళ్లకూ మిగతావాళ్లకూ వినపడుతుంది. ‘నాకేం ఎకో రావట్లేదే’ అని వాదించేవారి దగ్గరే చాలాసార్లు అసలు సమస్య ఉంటుంది. మామూలు ఇయర్‌ఫోన్స్ పెట్టుకుంటే తీరిపోతుంది. కంప్యూటర్‌లో జూమ్ వాడుతుంటే మ్యూట్ తీయనక్కర్లేదు, స్పేస్ బార్ నొక్కి పట్టుకున్నంతసేపూ మైక్ పనిచేస్తుంది, వదలగానే ఆగిపోతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పేరు పెట్టి పిలిచినప్పుడు పలకడం. టీచర్ పిలిచి, ఎదురుచూసి, మళ్లీ పిలిచి, చివరికి ‘సరే, లేనట్టున్నారు’ అని ముందుకు వెళ్తారు. ఆ మౌనంతో అందరి సమయమూ పోతుంది, మీ మీద ఉన్న నమ్మకమూ పోతుంది. జవాబు తెలియకపోతే ‘తెలియదు మేడమ్’ అనేయండి, అందులో నామోషీ ఏమీ లేదు. మైక్ మొరాయిస్తే వెంటనే చాట్‌లో ‘మైక్ పనిచేయడం లేదు, ఇక్కడే రాస్తాను’ అని పెట్టండి.

నోరు తెరవాలంటే టెన్షన్ పడేవారికి చాట్ పెద్ద వరం. కానీ ‘అర్థం కాలేదు’ అని మాత్రమే రాస్తే టీచర్‌కు ఏమీ తెలియదు. ‘రెండో స్టెప్‌లో గుర్తు మైనస్ ఎందుకైంది?’ అని రాయండి. అలాంటి ప్రశ్న వారానికి ఒకటి వేసినా చాలు, మీ పేరు ఆమెకు గుర్తుండిపోతుంది. ఆలస్యంగా వచ్చినప్పుడు చాట్‌లో ‘సారీ మేడమ్, లేటైంది’ అని రాసి పాఠం ఆపించకండి, చప్పుడు లేకుండా చేరిపోండి. స్నేహితుడికి రాసేది పొరపాటున ‘ఎవ్రీవన్’కు వెళ్లిపోవడం రోజూ ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. ఎంటర్ నొక్కే ముందు ఎవరికి పంపుతున్నారో ఒక చూపు చూడండి. అనుమతి లేకుండా క్లాసు రికార్డు చేయడం, టీచర్ ముఖం స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం గురించి వేరే చెప్పాలా?

ఇదంతా కెరీర్ కాలమ్‌లో ఎందుకంటే, ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూ కూడా ఇలాంటి తెర మీదే జరగొచ్చు. అక్కడ మైక్, పేరు, వెలుతురు అప్పటికప్పుడు సర్దుకునేవారు మొదటి నిమిషాలు వాటికే ఖర్చుపెడతారు.

ఇక లెటర్ సంగతి. మేడమ్‌కు మరోసారి మెయిల్ రాయండి, ఈసారి ఆమె పని తేలిక చేస్తూ. ఏ సెమిస్టర్, ఏ సబ్జెక్టు, ఎన్ని మార్కులు వచ్చాయి, ఏ అసైన్‌మెంట్ బాగా చేశారు, ఇంటర్న్‌షిప్ దేని గురించి, చివరి తేదీ ఎప్పుడు అన్నవి రాసి, ఆ అసైన్‌మెంట్ కూడా జత చేయండి. ‘వీలుకాకపోతే చెప్పండి మేడమ్, ఇబ్బంది లేదు’ అని కూడా రాయండి. కాదంటే పట్టుబట్టకండి. మీ పనిని దగ్గరగా చూసిన ల్యాబ్ టీచర్‌నో, ప్రాజెక్ట్ గైడ్‌నో అడగండి. చివరి తేదీకి కనీసం రెండు మూడు వారాల ముందు అడిగితే, ఎవరైనా తీరిగ్గా ఆలోచించి రాస్తారు.