అట్టడుగు జట్టుకు కొత్త కోచ్

ప్రశ్న: ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్ ఫుట్‌బాల్‌లో అట్టడుగుకు చేరిన జట్లు సీజన్ మధ్యలో శామ్ అలర్డైస్ అనే కోచ్‌ను పిలిపించుకునేవని మా అబ్బాయి అంటున్నాడు. ఉన్న ఆటగాళ్లతోనే కొత్త కోచ్ ఏం సాధించగలడండీ?
– ఒక పాఠకుడు, మల్కాజిగిరి, హైదరాబాద్

జవాబు: మీ అబ్బాయి చెప్పినది నిజమే. 20 జట్లు తలా 38 మ్యాచ్‌లు ఆడే ఆ లీగ్‌లో చివరి మూడు జట్లు కింది డివిజన్‌కు పడిపోతాయి. దాంతో టీవీ ప్రసారాల రాబడిలో పెద్ద భాగాన్ని అవి కోల్పోతాయి.

2015 అక్టోబరులో అలర్డైస్ సండర్‌లాండ్ బాధ్యతలు చేపట్టేనాటికి ఆ జట్టు 19వ స్థానంలో ఉంది. గోల్ ఇవ్వని జట్టుకు కనీసం ఒక పాయింటు దక్కుతుంది కాబట్టి, ఆయన ఎక్కడికి వెళ్లినా ముందు రక్షణ వరుసను బిగించి, ఆట ఆగాక బంతిని నిలిపి కొట్టే కార్నర్లు, ఫ్రీకిక్‌ల వంటి సందర్భాలను గంటల తరబడి సాధన చేయించేవారు. అయితే ఆటగాళ్లు మారలేదనుకోవడం సరికాదు: జనవరి బదిలీల్లో లామిన్ కోనే, యాన్ కిర్చాఫ్, వాబీ ఖజ్రీ వచ్చి చేరారు. 2016 మే నెలలో సండర్‌లాండ్ 17వ స్థానంతో గట్టెక్కగా, పొరుగునున్న న్యూకాజిల్ పడిపోయింది. మరుసటి ఏడాది ఆయన క్రిస్టల్ ప్యాలెస్ జట్టును కూడా నిలబెట్టారు.

అలాంటివారి పేరు కప్పుల జాబితాలో కనిపించదు గానీ, నా దృష్టిలో ఆ పని కప్పు గెలవడంకన్నా తేలికైనది కాదు. అది ప్రతిసారీ ఫలించదు కూడా. 2020 డిసెంబరులో చేపట్టిన వెస్ట్ బ్రామ్ జట్టును ఆయన కాపాడలేకపోయారు. ప్రీమియర్ లీగ్ నుంచి ఆయన జట్టు పడిపోవడం అదే మొదటిసారి.