కిటికీ పక్కన కూర్చునే ఆవిడ

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఒకే రకం పాత్ర గురించి ఉన్నాయి. పక్కింటి సంగతులన్నీ తనకే కావాలనుకునే మనిషి గురించి. నాకు చిన్నప్పటి నుంచీ ఇష్టమైన పాత్ర కాబట్టి కొన్నిటికి కాస్త పొడుగ్గానే జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: కామెడీ సీరియల్లో పక్కింటావిడ కిటికీలోంచి తొంగి చూస్తే నవ్వుతాం. డిటెక్టివ్ సీరియల్లో ఓ ముసలావిడ అదే పని చేస్తే ఎంత తెలివో అంటాం. ఎందుకిలా? (వారాసిగూడ నుంచి ఒక పాఠకురాలు)

గ్లాడిస్ క్రావిట్జ్‌ని తీసుకోండి. అమెరికాలో 1964 నుంచి 1972 వరకు వచ్చిన ‘బివిచ్డ్’ అనే కామెడీలో ఎదురింటావిడ. ఈవిడ కిటికీకి ఎదురుగా కాపురముంటున్న సమంత మంత్రగత్తె. ముక్కు అలా కదిపిందంటే చాలు, అనుకున్నది జరిగిపోతుంది. గ్లాడిస్ కర్టెన్ తొలగించి అదంతా చూసి, కంగారుగా మొగుణ్ని కేకేస్తుంది. ఆబ్నర్ తీరిగ్గా లేచి వచ్చేసరికి ఎదురింట్లో అంతా మామూలుగా ఉంటుంది. నీకు మతి పోయిందన్నట్టు చూసి ఆయన వెళ్లిపోతాడు. మనం నవ్వుతాం. కానీ ఆవిడ చూసింది నిజమే కదా! నిజం చూసి నిజమే చెప్పిన మనిషిని పిచ్చిదనుకుంటున్నారే అని నాకు ప్రతిసారీ బాధేస్తుంది.

ఇక మిస్ మార్పుల్. ఇంగ్లిష్ రచయిత్రి అగాథా క్రిస్టీ రాసిన డిటెక్టివ్ కథల్లో హత్యల గుట్టు విప్పే ముసలావిడ. సెయింట్ మేరీ మీడ్ అనే పల్లెలో ఒంటరిగా ఉంటుంది. మొక్కలకు పాదులు చేస్తున్నట్టు, బైనాక్యులర్‌తో పిట్టల్ని చూస్తున్నట్టు కనిపిస్తూ, దారిన ఎవరు ఎటు పోయారో అన్నీ గమనిస్తుంది. గ్లాడిస్ చేసేదీ అదే.

తేడా వాళ్లలో లేదు, మనం ఎటువైపు కూర్చున్నామన్న దాంట్లో ఉంది. కామెడీలో రహస్యం మనకు ముందే తెలుసు. సమంత మంత్రగత్తె అని తెలిసే ఆమె కాపురం చల్లగా ఉండాలనుకుంటాం. గ్లాడిస్ మాట ఊళ్లో నలుగురు నమ్మితే ఆ కాపురం రచ్చకెక్కుతుంది, కథ అయిపోతుంది. అందుకే ఆవిణ్ని ఎవరూ నమ్మకుండా రచయితలు అంత జాగ్రత్తపడతారు. మిస్టరీలో రహస్యం హంతకుడి దగ్గర ఉంటుంది. మనం గుమ్మం బయటే నిలబడి ఉంటాం. లోపల ఏం జరిగిందో చెప్పే కళ్లు మనకు కావాలి.

ఇంకొకటి కూడా ఉంది. మార్పుల్ చూసి ఊరుకోదు, పోల్చుకుంటుంది. కొత్తగా కనపడిన మనిషిని చూడగానే తన ఊళ్లో ఎప్పుడో తప్పు చేసిన ఇంకెవరో గుర్తొస్తారు. మన అమ్మమ్మలు ‘వీడు అచ్చం వాళ్ల పెదనాన్నే’ అంటారే, అదే లెక్క. ఆ పోలిక పట్టుకునే చిక్కుముడి విప్పుతుంది.

ప్రశ్న: గ్లాడిస్‌గా మొదట వేసిన నటి మధ్యలో ఎందుకు మారారు? (రాంనగర్)

ఆవిడ పేరు ఆలిస్ పియర్స్. ఆ వేషం వేయడం మొదలుపెట్టేనాటికే ఆవిడకు క్యాన్సర్. జబ్బు సంగతి సెట్లో బయటపెట్టకుండా నటించారు. 1966 మార్చిలో చనిపోయారు. కామెడీలో ఉత్తమ సహాయనటిగా ఎమ్మీ అవార్డు ఆవిడ పోయాక, అదే ఏడాది వచ్చింది. తర్వాత శాండ్రా గౌల్డ్ ఆ పాత్ర వేశారు. గౌల్డ్ బాగానే చేశారు, గొంతు మరీ గట్టిగా ఉంటుంది. కానీ పియర్స్ ముఖంలో భయం, ఆశ్చర్యం కలిసి కనిపిస్తాయి. ఆవిడ సంగతి తెలిశాక ఆ ఎపిసోడ్లు మళ్లీ చూశాను. అంత బాధలో ఉండి అంత నవ్వించారా అని కళ్లలో నీళ్లు తిరిగాయి.

ప్రశ్న: మిస్ మార్పుల్ పాత్ర అగాథా క్రిస్టీకి ఎలా తట్టింది? టీవీలో ఎవరు బాగా చేశారు? (అశోక్‌నగర్)

1926లో వచ్చిన ‘ది మర్డర్ ఆఫ్ రోజర్ అక్రాయిడ్’ నవలలో కారొలిన్ అని ఒకావిడ ఉంటుంది. ఊరి డాక్టరు గారి అక్క. పనివాళ్ల ద్వారా, ఇంటికి సరుకులు తెచ్చేవాళ్ల ద్వారా గడప దాటకుండా ఊరి వార్తలన్నీ కూపీ లాగుతుంది. ఆ నవలలో క్రిస్టీకి బాగా నచ్చిన పాత్ర ఆవిడే. 1928లో నవలను నాటకం చేసినప్పుడు ఆ పెద్దావిణ్ని తీసేసి ఒక వయసు పిల్లను పెట్టారు. అది క్రిస్టీకి అస్సలు నచ్చలేదు. నాక్కూడా కోపం వస్తుంది. పెద్ద వయసు ఆడమనిషి కథలో ఉంటే ఎవరికేం అడ్డం? మార్పుల్ పుట్టడానికి ఈ కారొలినే కారణమై ఉండొచ్చని క్రిస్టీ తన ఆత్మకథలో రాసుకున్నారు. మార్పుల్ తొలి కథ 1927లో, తొలి నవల 1930లో వచ్చాయి.

టీవీలో నా ఓటు జోన్ హిక్సన్‌కే. 1940ల్లో ఆవిణ్ని ఒక నాటకంలో చూసి క్రిస్టీయే ‘ఎప్పటికైనా మీరు నా మార్పుల్‌గా వేయాలి’ అన్న అర్థంలో చీటీ పంపారు. అది జరగడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 1984 నుంచి 1992 వరకు బీబీసీలో పన్నెండు నవలలూ చేశారు. మొదలుపెట్టేనాటికి డెబ్బై ఎనిమిదేళ్లు. ఊరికే కూర్చుని అల్లుకుంటున్నట్టుంటారు, ఒక్కసారి కళ్లెత్తితే ఎదుటివాడికి చెమట పడుతుంది.

ప్రశ్న: ‘అమృతం’లో అప్పాజీ ఈ కోవలోకి వస్తాడా? (మలక్‌పేట)

నా లెక్కలో రాడు. జెమినీలో 2001 నుంచి 2007 దాకా నడిచిన ఆ సీరియల్లో ఆయన ఇంటి ఓనరు. ఆయనది పెత్తనం. ఆరా తీయడం వేరు, పెత్తనం చేయడం వేరు. శివన్నారాయణ గారు ఆ పాత్రను నిలబెట్టిన తీరు మాత్రం గొప్పది.

ప్రశ్న: పెళ్లై కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్‌కి వచ్చాను. పక్క ఫ్లాట్ ఆంటీ ఎవరొచ్చారు, ఎక్కడికెళ్లారు, ఏం కూర అని అన్నీ అడుగుతుంది. లిఫ్ట్ దగ్గర ఆవిడ కనపడితేనే టెన్షన్. ఏం చేయాలి?

అమ్మా, నీకు మా పైవాటా పిన్నిగారి సంగతి చెప్తాను. 1980ల్లో మేం చిక్కడపల్లిలో ఒక లోగిలిలో ఉండేవాళ్లం. ఆరు వాటాలు, ఒక్కటే నల్లా. పిన్నిగారు పై వరండాలో కూర్చుని అందర్నీ కనిపెట్టేవారు. ఆవిడ కంట పడకుండా కూరగాయల సంచీ కూడా ఇంట్లోకి తేలేమని మా అమ్మ విసుక్కునేది. మా అక్క టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి ఎవరితో కలిసి నడిచొచ్చిందో ఆవిడ నాన్నకు చేరవేస్తే, నెల రోజులు ఇంట్లో మాటల్లేవు. అక్క ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే బాధపడుతుంది.

కింద చివరి వాటాలో రిటైరైన మాస్టారొకరు ఒంటరిగా ఉండేవారు. ఒకరోజు పొద్దున పిన్నిగారు మెట్లు దిగి వచ్చి, ‘ఏడింటికల్లా మాస్టారి పంచె దండెం మీద ఉంటుంది, ఎనిమిదైనా దండెం ఖాళీగా ఉంది’ అన్నారు. ఊరెళ్లారేమో అన్నారు మగవాళ్లు. ‘ఊరెళ్తే చెప్పుల జత గుమ్మం ముందు ఎందుకుంటుంది?’ అని ఆవిడే తలుపు బాదారు. చివరికి మా నాన్న గడియ విరగ్గొట్టారు. మాస్టారు నేల మీద పడి ఉన్నారు, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోయాయి. రిక్షాలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ తర్వాత కర్ర పట్టుకుని నడిచేవారు, మాకు లెక్కలు కూడా చెప్పేవారు.

రెండు పనులూ చేసింది ఆ ఒక్క మనిషే. అందుకే మీ ఆంటీ మంచిదా చెడ్డదా అని నేను చెప్పలేను. నువ్వే ఒక పని చెయ్యి. ఆవిడ అడిగినవాటిలో నీకు ఇబ్బంది లేనివి చెప్పు, కూర సంగతి చెప్తే పోయేదేం లేదు. మిగతావాటికి ‘అది మా ఇంటి విషయం ఆంటీ’ అని నవ్వుతూ అను. నువ్వు చెప్పింది రెండు రోజుల్లో ఇంకో ఫ్లోర్ నుంచి తిరిగి నీ చెవిన పడిందా లేదా చూసుకో. పడకపోతే, ఈసారి ఊరెళ్లేటప్పుడు ఎన్ని రోజులో ఆవిడకు చెప్పి వెళ్లు. తాళంచెవి ఇవ్వక్కర్లేదు.