కోడలు చర్చికి రావడం లేదు, నేనేమో ఊరుకోలేకపోతున్నాను

ప్రశ్న: మాది మల్కాజ్‌గిరి. మూడు తరాలుగా విశ్వాసుల కుటుంబం. రెండేళ్ల క్రితం మా అబ్బాయి హిందూ అమ్మాయిని రిజిస్టర్ మ్యారేజ్ చేసుకున్నాడు. ఆమె గచ్చిబౌలిలో నైట్‌షిఫ్ట్ ఉద్యోగం చేస్తుంది. బొట్టు తీయదు, ఆదివారం ఆరాధనకు రాదు. ఆషాఢంలో బోనాలకు పుట్టింటికి వెళ్లి, డబ్బాలో ప్రసాదం తెచ్చి ఫ్రిజ్‌లో పెడితే నేను పారేశాను. అప్పట్నుంచి నాతో మాటల్లేవు. తీర్పు తీర్చకూడదని వాక్యం చెబుతోందని తెలుసు. అయినా ఆమెను చూస్తే మనసు ఊరుకోవడం లేదు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ డబ్బా సంగతి చూద్దాం. మిగతావి మీ మనసులో జరుగుతున్నవి, ఇది మాత్రం ఆమె కళ్లముందు జరిగింది. విగ్రహాలకు అర్పించినది తినాలా వద్దా అన్న గొడవ తొలినాటి కొరింథు క్రైస్తవ సంఘంలోనే వచ్చింది. మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాల్లో అపొస్తలుడైన పౌలు ఆ విషయాన్ని మనస్సాక్షితో ముడిపెట్టి మాట్లాడాడు. మీ మనస్సాక్షి ఒప్పుకోకపోతే మీరు తినకండి, ఎవరూ తప్పుపట్టరు. అయితే వాళ్లమ్మ కట్టిచ్చిన అన్నాన్ని పారేసే హక్కు ఆ అధ్యాయాలు మీకివ్వలేదు.

కాబట్టి క్షమాపణ అడగండి. చాలామంది ఇక్కడే తప్పటడుగు వేస్తారు. ‘సారీ అమ్మా, కానీ మన ఇంట్లో ఇవి ఉండవు కదా’ అంటారు. అది క్షమాపణ అనిపించుకోదు, రెండోసారి మందలించినట్టవుతుంది. ‘మీ అమ్మ పంపింది నిన్నడక్కుండా పారేశాను. తప్పు చేశాను బిడ్డా. ఇకమీద నీ వస్తువు ముట్టుకోను.’ అంతే, అక్కడితో ఆపండి. ఆమె అప్పటికప్పుడు కరిగిపోవాలని చూడొద్దు. అబ్బాయితో కబురు పంపొద్దు, మీరే చెప్పండి. ఆమె డ్యూటీ నుంచి రాగానే కాకుండా, నిద్ర లేచి టీ తాగాక చెప్పండి.

ఇక తీర్పు మాట. మత్తయి 7వ అధ్యాయంలో ప్రభువు కళ్లు మూసుకోమనలేదు. నీ కంటి దూలం తీసేసుకుంటే ఎదుటివాడి కంటి నలుసు తేటగా కనబడుతుందన్నాడు. చూడటంలో దోషం లేదు. చూసినదానికి మనమే కారణం కల్పించి, ఆ మనిషికి విలువ కట్టేయడంతోనే చిక్కు. ఆదివారం పొద్దున ఆమె పడుకుని ఉంది. ఇది మీరు చూసింది. దేవుడంటే లెక్కలేదు. ఇది మీరు చేర్చింది. వారమంతా రాత్రిళ్లు పనిచేసే మనిషికి సెలవు రోజు వచ్చిందని నిద్ర వేళలు మారిపోవు.

రోజూ రాత్రి ప్రార్థనకు ముందు ఒక కాగితం మీద రెండు వరసలు రాయండి. ఒక పక్క చూసింది, ఇంకో పక్క అనుకున్నది. మొదట్లో రెండో వరసే నిండుతుంది, కంగారుపడకండి. వారం పది రోజులకు అందులో ఒకే మాట మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఎక్కువమంది తల్లులకు అది భయం: అబ్బాయి విశ్వాసం ఏమైపోతుందో, సంఘంలో ఏమనుకుంటారో అని. ప్రార్థనలో ఆమెను మార్చమని అడిగేముందు ఆ భయాన్ని పేరుపెట్టి ప్రభువుకు చెప్పండి.

అవిశ్వాసులతో జోడుగా ఉండొద్దన్న రెండో కొరింథీ 6వ అధ్యాయం మాట మీకు ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు. పెళ్లయిపోయిన ఇంటికి వర్తించేది మొదటి కొరింథీ 7వ అధ్యాయం. అవిశ్వాసియైన భార్య కాపురం చేయడానికి ఇష్టపడితే ఆమెను విడిచిపెట్టకూడదని అక్కడ స్పష్టంగా ఉంది. వెలుపలివారికి తీర్పు తీర్చడం తన పని కాదని పౌలే అదే పత్రిక 5వ అధ్యాయంలో అన్నాడు. అపొస్తలుడు ఎత్తుకోని బరువు మీరెందుకమ్మా ఎత్తుకోవడం? చట్టం ప్రకారమైనా, 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లు ఎవరి మతం వాళ్లు ఉంచుకోవచ్చు. ఆమె మీకు ఏ మాటా తప్పలేదు.

ఒక్క చోట గట్టిగా చెప్పాలి. స్త్రీల కూడికలో ‘మా కోడలి కోసం ప్రార్థించండి’ అని మొదలుపెట్టి బొట్టు గురించి, బోనాల గురించి చెప్పే అలవాటుంటే ఆపేయండి. ప్రార్థన అంశం పేరుతో ఇంటి గుట్టు వీధికెక్కేది అక్కడే. ఆ మాట వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఆమె చెవిన పడితే మీరడిగిన క్షమాపణ కూడా నటన అనిపిస్తుంది. ‘నాకోసం ప్రార్థించండి, నా నోటికి ఓర్పు కావాలి’ అనండి చాలు.

చేర్చుకోవడమంటే అన్నింటికీ తలూపడం కాదు. మీ కుటుంబ ప్రార్థన మీరు మానొద్దు, ఆమెను బలవంతంగా కూర్చోబెట్టొద్దు. ఆమె మిమ్మల్ని కించపరిస్తే నొచ్చుకున్నానని నేరుగా చెప్పండి. ఓ మూడు నెలలు చర్చి ఊసెత్తకుండా, ఆదివారం మధ్యాహ్నం ఆమె లేచాకే అందరూ కలిసి భోంచేయండి.

రేపు పిల్లలు పుడితే బాప్తిస్మం సంగతేమిటని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది. సీఎస్‌ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా), మెథడిస్టు సంఘాల్లో పసిబిడ్డలకు ఇస్తారు, బాప్టిస్టు సంఘాల్లో తెలివి వచ్చి విశ్వసించాకే ఇస్తారు. మీ సంఘం ఏదైనా ఆ ప్రశ్న ఇప్పుడు ఎత్తకండి. అది వాళ్లిద్దరూ కూర్చుని తేల్చుకోవలసింది. వాళ్లు అడిగినప్పుడు మీ అభిప్రాయం ఒక్కసారి చెప్పండి.