ఎత్తుపళ్ళకు క్లిప్పులు: పుచ్చని పళ్ళు ఎందుకు తీస్తారు?

ప్రశ్న: మా అమ్మాయికి 13 ఏళ్ళు, ఎనిమిదో తరగతి. పై పళ్ళు ఎత్తుగా ఉండి పెదవులు కలవవు. క్లిప్పులు వేసే ముందు నాలుగు పళ్ళు తీయాలన్నారు డాక్టరు. అవి పుచ్చినవీ కావు, కదిలేవీ కావు. పై పళ్ళు తీస్తే కంటిచూపు దెబ్బతింటుందని మా అత్తగారి భయం. పైగా రెండేళ్ళు పడుతుందట. పదో తరగతి వస్తోంది, ఏడాదిలో ముగించే వీలు లేదా? – ఒక తల్లి, తెనాలి

జవాబు: ముందు మీ అత్తగారికి ధైర్యం చెప్పండమ్మా. పంటికి వెళ్ళే నరం వేరు, చూపునిచ్చే నరం వేరు. పన్ను తీసినందువల్ల చూపు తగ్గదు.

ఎత్తుపళ్ళు వెనక్కి వెళ్ళాలంటే వాటికి చోటు కావాలి కదా. చాలామందికి కోరపన్ను వెనకున్న చిన్న దవడపన్ను తీసి ఆ చోటు చూపిస్తాం. చికిత్స అయ్యేసరికి ఖాళీ మూసుకుపోతుంది, నమలడానికి లోటుండదు. అలాగని అందరికీ తీయక్కర్లేదు. కొద్దిపాటి చోటు చాలనుకుంటే పళ్ళ పక్కలు సన్నగా అరగదీసి సరిపెడతాం. అందుకే మీ డాక్టరు గారిని ఒకటి అడగండి: పళ్ళన్నీ ఒకేసారి కనిపించే ఓపీజీ, తలను పక్కనుంచి తీసే సెఫలోగ్రామ్ ఎక్స్‌రేలు తీసి, పళ్ళ అచ్చు మీద కొలతలు చూసి ఈ మాట చెప్పారా? టార్చిలైటు వేసి చూసి చెప్పి ఉంటే మాత్రం, బీడీఎస్ తర్వాత మూడేళ్ళు ఆర్థోడాంటిక్స్‌లో (పళ్ళ వరస సరిచేసే విభాగంలో) ఎండీఎస్ చేసినవారికి చూపించాకే పళ్ళు తీయించండి.

ఇక ఏడాది సంగతి. క్లిప్పుల తీగ సన్నగా ఒత్తుతుంటే, ఒత్తిడి పడిన వైపు ఎముక కరిగి పన్ను అటు జరుగుతుంది, వెనక ఖాళీ అయిన చోట కొత్త ఎముక పడుతుంది. ఇది నెలకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున సాగే పని. తీసే పన్ను వెడల్పు దాదాపు 7 మిల్లీమీటర్లు. వంకరలు సరిచేయడానికి మొదట కొన్ని నెలలు, ఆ ఖాళీ మూయడానికి ఏడెనిమిది నెలలు, చివర పైవరస కిందివరస మీద సరిగ్గా కూర్చోవడానికి మరికొన్ని నెలలు. అలా ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు అవుతుంది. బలంగా బిగిస్తే త్వరగా జరగవు సరికదా, నొప్పి ఎక్కువై పంటి వేళ్ళు అరిగే ప్రమాదం ఉంది. ఆలస్యం చేయకుండా ఇప్పుడే మొదలుపెట్టండి. నాలుగు నుంచి ఆరు వారాలకు ఒకసారి రావడం చదువుకు అడ్డం కాదు. తీగ బిగించాక మూడు నాలుగు రోజులు కొరకడానికి నొప్పిగా ఉంటుంది కాబట్టి పరీక్షల వారంలో మాత్రం ఆ పని పెట్టుకోకండి. నొప్పి ఉన్న రోజుల్లో పెరుగన్నం, మెత్తటి ఇడ్లీ పెట్టండి. తీగ చివర బుగ్గకు గుచ్చుకుంటే డాక్టరిచ్చే మైనాన్ని చిన్న ఉండ చేసి దాని మీద నొక్కి, మర్నాడు వెళ్ళి చూపించండి.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేవి తెల్లమచ్చలు. పళ్ళు చక్కగా వరసలోకి వస్తాయి. కానీ తీగను పట్టి ఉంచడానికి పళ్ళకు అంటించిన బ్రాకెట్లు తీశాక, ఒక్కో బ్రాకెట్ ఉన్న చోటు చుట్టూ సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి చార కనిపిస్తుంది. అక్కడ పాచి నిలిచి పింగాణీ కరిగిందన్నమాట, అది పూర్తిగా పోదు. అందుకే రాత్రి బ్రషింగ్‌కు మీరే పక్కన నిలబడండి. ఫ్లోరైడ్ పేస్టుతో బ్రాకెట్ పైనా కిందా తోమాలి. తీగ కిందికి దూరే సన్నటి ఇంటర్‌డెంటల్ బ్రష్ మందుల షాపులో దొరుకుతుంది. జంతికలు, వేరుశనగ పట్టీలు, చెరకు ముక్కలు ఆపేయండి. జామకాయను ముక్కలు కోసి పెట్టండి. బ్రాకెట్ ఊడిన ప్రతిసారీ చికిత్స వెనక్కి పోతుంది. పంటి రంగులో కలిసిపోయే క్లిప్పులు అడుగుతుందేమో, వాటికి వేసే తెల్లటి రబ్బరు రింగులు మన పసుపు, ఆవకాయలకు రెండు మూడు రోజుల్లోనే పచ్చబడతాయి. తెలిసే ఎంచుకోమనండి.

క్లిప్పులు తీసిన రోజుతో పని అయిపోయిందనుకోకండి. చిగురు లోపలి నారలు కొత్త చోటికి అలవాటు పడడానికి ఏడాది దాకా పడుతుంది, ఈలోగా అవి పంటిని పాత చోటికే గుంజుతాయి. అందుకే పళ్ళను కొత్త చోటే నిలిపి ఉంచే రిటైనర్. మొదట ఇంచుమించు రోజంతా, తర్వాత రాత్రిళ్ళు, చాలా ఏళ్ళు పెట్టుకోవాలి. తినేటప్పుడు తీసి రుమాల్లో చుట్టి పారేసుకునే పిల్లలే ఎక్కువ, డబ్బాలో పెట్టడం మొదటి రోజే అలవాటు చేయండి. చెప్పిన ఫీజులో రిటైనర్ ఉందా, అది విరిగినా పోయినా మళ్ళీ ఎంత తీసుకుంటారు అన్నవి ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి.