ఒక టికెట్‌కు ఎన్ని ఆటలు?

అమెరికా కళాశాల జట్ల బాస్కెట్‌బాల్ పోటీ అయిన మార్చ్ మ్యాడ్‌నెస్ తొలి రౌండులో మీ అబ్బాయి కళాశాల జట్టు ఆటకు కొనబోయే టికెట్‌తో ఆ రోజు నాలుగు ఆటలూ చూడవచ్చా, విజయవాడలోని మీ నాన్నగారు ఎలా అనుసరించాలి అని అడిగారు.

అన్ని సెషన్లకూ కలిపి కొంటే తప్ప నాలుగూ చూడలేరు. ఒక వేదికలో ఆ రోజు ఆటలు రెండు సెషన్లుగా జరుగుతాయి. ఒక్కో సెషన్‌కు రెండు ఆటలు, మధ్యలో హాలు ఖాళీ చేయిస్తారు. పోటీకి ఎంపికైన జట్ల జాబితా ఆదివారం సాయంత్రం వెలువడినా, ఏ ఆట ఏ సెషన్‌లోనో ఖరారయ్యాకే కొనండి. తొందరపడితే మీ జట్టు రాత్రి ఆడుతుండగా మీ చేతిలో పగటి టికెట్ మిగిలిపోవచ్చు.

ఇక నాన్నగారి సంగతి. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం 12 గంటలంటే అప్పటికి గడియారాలు ముందుకు జరిపి ఉంటారు కనుక మనకు రాత్రి 9.30, అక్కడ రాత్రి 7 గంటల ఆట ఇక్కడ తెల్లవారుజామున 4.30కు వస్తుంది. బ్రాకెట్‌ను, అంటే ఏ జట్టు ఎవరితో ఆడుతుందో చూపే పట్టికను, కాగితంపై ముద్రించి ఇవ్వండి, గెలిచిన జట్ల పేర్లు పెన్నుతో రాసుకుంటూ పోతే ఆయనకే ఆసక్తి పెరుగుతుంది. ఆన్‌లైన్ ప్రసారం అసలు ఆటకన్నా కొన్ని క్షణాలు వెనకబడి ఉంటుంది కాబట్టి, చూసేటప్పుడు ఫోన్‌లో స్కోరు నోటిఫికేషన్లు, ముఖ్యంగా మీ కుటుంబ వాట్సాప్ గ్రూపు, ఆపివేయమనండి. లేకుంటే బంతి ఇంకా గాలిలో ఉండగానే ఫలితం తెలిసిపోతుంది.