పత్తి తేమ, షావుకారు బాకీ

ప్రశ్న: మాది మునుగోడు దగ్గర పల్లె. 15 క్వింటాళ్ల పత్తి తీసినం. ఎరువుల షావుకారుకు 50 వేల బాకీ, నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. తేమ ఎక్కువుందని క్వింటాల్‌కు 6,500 ఇస్తనంటున్నడు. ఇచ్చెయ్యమంటారా?

జవాబు: ఇయ్యకండి. ముందు లెక్క చూడండి. పత్తి ఆరబెట్టి అమ్మేదాకా పది రోజులు ఆగినా 50 వేలకు వడ్డీ సుమారు 333 రూపాయలే. 2025-26లో పొడుగు పింజ (పొడవు పోగు) పత్తికి మద్దతు ధర క్వింటాల్‌కు 8,110. మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ 8 శాతం తేమ దాకా పూర్తి ధర ఇస్తుంది, ఆపైన ఒక్కో శాతానికి ఒక శాతం కోస్తుంది, 12 దాటితే కొనదు. అంటే 11 శాతమున్నా క్వింటాల్‌కు కోత 243 రూపాయలే.

తేమ తగ్గించుడు మీ చేతిలో పనే. మంచు ఆరినంకనే పత్తి ఏరాలి. పరదా మీద పల్చగా పరిచి, రెండు మూడు సార్లు తిరగేసి, పొద్దుగూకకముందే కుప్ప చేసి కప్పాలి. గింజ కొరికితే టక్కున పగలాలి. మెత్తగా నలిగితే ఇంకో రోజు ఎండపెట్టాలి. ప్లాస్టిక్ సంచుల్లో కుక్కితే లోపల చెమ్మ పట్టి రంగు మారుతుంది. నాసిరకం గుడ్డిపత్తి, వానకు తడిసింది వేరే పెట్టండి, కలిపితే మంచి పత్తికీ ధర పోతుంది.

సీసీఐ డబ్బులు ఆధార్ కలిపిన ఖాతాలో పడతాయి, చేతికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆ సంగతి షావుకారుకు ముందే చెప్పండి. బాకీ కట్టినరోజే ముట్టినట్టు చిట్టీ రాయించుకోండి.