కొల్లేరు చూడ్డానికి వస్తున్న అమ్మాయికి

అమ్మాయీ,

పిల్లల్ని తీసుకుని కొల్లేరు వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కానీ పొద్దున వచ్చి సాయంత్రం రైలెక్కేస్తానన్నావట, అది మాత్రం వద్దు, రెండు రోజులు పెట్టుకో. ఏలూరు నుంచి కైకలూరు వెళ్లే రోడ్డు మీద కారు ఆపి, రెండు పక్కలా కనిపించే నీళ్లని ఫోటో తీసుకుని కొల్లేరు చూసేశాం అనుకునేవాళ్లని చాలామందిని చూశాను. చుట్టూ గట్టు పోసి ఉందంటే అది చేపల చెరువు తల్లీ, సరస్సు కాదు. 2006లో అలాంటి గట్లు చాలా కొట్టించారు, అయినా మళ్లీ లేచాయి. అసలు కొల్లేరంటే కిక్కిస గడ్డి, గుర్రపు డెక్క, మధ్యలో లోతులేని నీళ్లు.

నా మాట విని నీళ్ల దారి పట్టుకుని తిరుగు. ఏలూరు పక్కనుంచి వచ్చే తమ్మిలేరు, మైలవరం కొండల్లోంచి దిగే బుడమేరు రెండూ కొల్లేట్లోకే వస్తాయి. 2024 సెప్టెంబరులో విజయవాడని ముంచింది ఆ బుడమేరే. ఇన్ని నీళ్లూ పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి, అరవై కిలోమీటర్లకు పైగా పారి సముద్రంలో కలుస్తుంది. పిల్లలకి ఇది ముందే బొమ్మ గీసి చూపించు, ఇక్కడికొచ్చాక ప్రతి వంతెన దగ్గరా వాళ్లే అడుగుతారు ఈ నీళ్లు ఎటు పోతున్నాయని.

పక్షుల కోసమైతే నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు రావాలి. కైకలూరు స్టేషన్‌లో దిగితే ఆటపాక పక్షుల కేంద్రం పక్కనే. తెల్లారేసరికి అక్కడుండాలి. గూళ్లు కట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ వాళ్లు నీళ్లలో ఇనుప స్టాండ్లు నిలబెట్టారు, వాటి మీద గూడబాతులు (పెలికాన్లు), ఎర్రకాళ్ల కొంగలు ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటాయి. తల్లి గూడబాతు వాలగానే పిల్ల ఏం చేస్తుందో చూడు: తలకాయ మొత్తం తల్లి నోట్లోకి దూర్చేస్తుంది, గొంతు సంచిలో తెచ్చిన చేప కోసం, బయటికి మెడ మాత్రమే కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు తల్లే పిల్లని మింగేస్తోందని నా గుండె ఝల్లుమంది. పడవ ఉంటే ఎక్కండి, లైఫ్ జాకెట్ వేయకుండా మాత్రం పిల్లల్ని ఎక్కించకు. కేకలు అసలు వద్దు. ఓసారి మాతో వచ్చినవాళ్లు పక్షులు ఎగిరితే ఫోటో బాగుంటుందని చప్పట్లు కొట్టారు, పెద్దవన్నీ లేచిపోయాయి, ఈకలు కూడా రాని పిల్లలు ఎండలో నోళ్లు తెరుచుకుని ఉండిపోయాయి. ఆ రోజంతా నాకు మనసు బాగోలేదు.

మర్నాడు కొల్లేటికోట వెళ్లు. సరస్సు మధ్య లంక అది, అక్కడ పెద్దింట్లమ్మ గుడి ఉంది. ఫాల్గుణంలో జాతర జరుగుతుంది, జనాన్ని చూడాలంటే అప్పుడు, అమ్మవారిని తీరిగ్గా చూడాలంటే మామూలు రోజుల్లో. గుడి దగ్గరే ఆగిపోకు, లంక ఊళ్లలో కాసేపు నడవండి. తాటి దోనెలు కనిపిస్తే దగ్గరికెళ్లి చూపించు, తాటి మానునే తొలిచి చేస్తారు, కొత్తవాళ్లు అందులో నిలబడలేరు. వలలు బాగుచేసుకుంటున్న పెద్దవాళ్లుంటే 'బాబాయ్ గారూ' అని పలకరించి మాట్లాడు, నీళ్లు ఎప్పుడు ఎక్కుతాయో ఎప్పుడు తగ్గుతాయో వాళ్లు చెప్పినట్టు ఏ బోర్డూ చెప్పదు. అడక్కుండా ఫోటోలు తీయకు.

తిరిగి వెళ్లేటప్పుడు ఆకివీడు వైపు నుంచి వెళ్లు, ఉప్పుటేరు వంతెన మీద పది నిమిషాలు ఆగు. సముద్రం పోటు మీదుంటే ఎండాకాలంలో ఉప్పునీళ్లు ఎదురెక్కి కొల్లేటి దాకా వస్తాయి. పిల్లల చేత నీళ్లలో ఒక ఆకు వేయించి ఎటు కొట్టుకుపోతుందో చూడమను, నాకు ఫోన్ చేసి చెప్పమను.

మీ పెదనాన్న